మందుల పెట్టెలో కర్పూరం

మా బాపును నేను ఒక ఆదివారం పొద్దున ఓడించాను. పదేళ్ళ నుంచి నడుస్తున్న వాదం అది. గెలిచాననే చెప్తాను, ఎందుకంటే నేనన్న మాటలో తప్పు లేదు. హోమియో గోలీలో చక్కెర తప్ప ఇంకేమీ లేదని అప్పుడు అన్నాను, ఇప్పుడూ అంటాను. కాని ఆ రోజు నేను చేసిన పని గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రెండూ నిజమే. ఏదో ఒకటి చెప్పమంటే నా వల్ల కాదు.

మాది బోధన్. బాపు తాలూకా కచ్చేరీలో గుమాస్తా. చదివిందంతా ఉర్దూ. చేతిరాత ముత్యాల్లా ఉండేది, తహసీల్దారు కూడా చూసి మెచ్చుకునేవాడట. రాష్ట్రాలు కలిసిన తర్వాత కచ్చేరీలో ఉర్దూ మెల్లమెల్లగా మూలన పడింది. పాత దస్తావేజులు చదివి పెట్టడానికి తప్ప బాపును ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. నలభై అయిదేళ్ళకే పాత సామాను కింద లెక్కయిపోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయనకు ఎక్కడో ఒక ఉర్దూ హోమియో పుస్తకం దొరికింది. అట్టలు ఊడిపోయి ఉంటే మా వీధి చివర పుస్తకాలు కుట్టే జిల్ద్‌సాజ్ చాచా దానికి ఎర్ర బట్టతో కొత్త అట్ట వేసిచ్చాడు. ఆ తర్వాత హైదరాబాదు నుంచి చిన్న చిన్న సీసాలు, కర్ర పెట్టె వచ్చాయి. ఆరు నెలలు తిరిగేసరికి పొద్దున కచ్చేరీకి పోయే ముందు మా వరండాలో పది మంది కూర్చుని ఉండేవాళ్ళు. చెరకు కొట్టే కూలీలు, బుర్ఖా వేసుకున్న ఆడవాళ్ళు, దేగ్లూర్ వైపు నుంచి వచ్చిన మరాఠీ రైతులు. బాపు మళ్ళీ పెద్దమనిషి అయ్యాడు. ఒక్క పైసా తీసుకునేవాడు కాదు. తీసుకుంటే బాగుండేది, మోసగాడని అనడానికి నాకు వీలుండేది.

ఆ వైద్యానికి నియమాలు చాలా. గోలీలు చేత్తో ముట్టుకోకూడదు, సీసా మూతలో పోసి తిన్నగా నాలుక మీద వేసుకోవాలి. పచ్చి ఉల్లిగడ్డ వద్దు, కాఫీ వద్దు. అన్నిటికన్నా ముఖ్యం కర్పూరం. కర్పూరం తగిలితే ఎంతటి మందైనా చచ్చిపోతుందని ఆ పుస్తకంలో ఉందట. అందుకని మా ఇంట్లో దేవుడికి కర్పూర హారతి ఆపించాడు. దాంతోపాటు ఊదుబత్తి, సాంబ్రాణి కూడా పోయాయి. ఉత్త నూనె దీపం మిగిలింది. మా వైపు తండ్రిని బాపు అని, తల్లిని అవ్వ అని అంటాం. మా అవ్వది వేల్పూర్ దగ్గర పసుపు పండించే ఇల్లు. మంగళవారం హారతి పట్టకుండా ఆమె ఎన్నడూ అన్నం ముట్టలేదు. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు ఆ హారతే తీసేస్తే నోరు మూసుకుంది. కళ్ళ నీళ్ళు పెట్టుకోవడం మాత్రం నేను చూశాను.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి. బాపుకు వాసన తెలియదు. వయసులో ఉన్నప్పుడు నస్యం పీల్చీ పీల్చీ ముక్కు చచ్చిపోయింది. హోమియో పట్టుకున్నాక నస్యం మానేశాడు కాని, పోయిన ముక్కు తిరిగి రాలేదు. అన్నం మాడినా ఆయనకు మేం చెప్పాల్సిందే.

నాకు బాపు మీద ఎందుకంత కసి అంటే దాచేదేమీ లేదు. నాకు మార్కులు బాగా వచ్చాయి, డాక్టరు చదువుతానన్నాను. "సూదులు గుచ్చే సదువు మనకెందుకు బిడ్డా? నా పెట్టె నేర్సుకో, సాలు," అన్నాడు. నేను బి.ఎస్సీ. చదివి నిజామాబాద్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరునయ్యాను. శనివారం సాయంత్రం రైలెక్కి బోధన్ రావడం, ఆదివారమంతా బాపుతో వాదించడం, సోమవారం పొద్దున తిరిగి పోవడం. నా ఉద్యోగం కన్నా ఆ వాదమే నాకు ఎక్కువ ఇష్టంగా ఉండేది.

వాదానికి సాక్షి జిల్ద్‌సాజ్ చాచా. వరండాలో గోడకు ఆనుకుని, పళ్ళు లేని నోట్లో పాన్ నములుతూ ఇద్దరినీ వినేవాడు. హకీము కషాయాల మీద తప్ప ఆయనకు దేని మీదా నమ్మకం లేదు.

"బాపూ, నిజాంసాగర్‌ల చిటికెడు ఉప్పేసి, మన బోధన్ కాలువల నీళ్ళు తాగి, ఉప్పగున్నయంటే ఎవలన్న నమ్ముతరా? నీ మందు గంతే," అనేదాన్ని.

"ఉప్పు గాదు బిడ్డా, ఉప్పు గుణం. కుదిపిన కొద్దీ తాకత్ పెరుగుతది."

"మరి ఆ నీళ్ళ పడ్డ బర్రెల పేడ గుణం ఎటు వాయె?"

చాచా పాన్ ఉమ్మివేయడం మరిచిపోయి నవ్వేవాడు. బాపు నవ్వేవాడు కాదు. నేను ఆగేదాన్ని కాదు. జలుబు మందు వేస్తే వారంలో పోతుంది, వేయకపోతే ఏడు రోజుల్లో పోతుంది, నీ రోగులంతా ఆ లెక్కే అనేదాన్ని. సగం మందికి మందు గోలీలు, సగం మందికి ఉత్త చక్కెర గోలీలు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చామో ఎవరికీ చెప్పకుండా చూద్దామని అడిగాను. బాపు ముఖం ఎర్రబడింది.

"నమ్మి వచ్చినోళ్ళకు ఉత్తది ఇయ్యాల్నా? గది దగా గాదా?"

వాదం ముదిరినప్పుడు బాపు ఒకటే చేసేవాడు. లోపలికి చూసి చెల్లెను పిలిచేవాడు.

నా చెల్లె నాకన్నా ఆరేళ్ళు చిన్నది. దానికి చిన్నప్పటి నుంచి దమ్ము, అంటే ఉబ్బసం. చలికాలం మొదలై చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజులు వచ్చాయంటే దాని ప్రాణం మా ప్రాణం ఒకటయ్యేది. మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చునేది. మెడ నరాలు తేలేవి. పెదవులు నీలంగా అయ్యేవి. పిల్లికూతలు పక్కింటికి వినిపించేవి. డాక్టరు సూది వేస్తే తగ్గేది, ఆయన మాత్రలు మింగితే గుండె దడదడలాడేది. బాపు దాని కోసం ఏళ్ళ తరబడి సీసాలు మార్చాడు. చివరికి ఒకటి తగిలిందన్నాడు. పోయినేడు బతుకమ్మ పండుగ దాటిన దగ్గర నుంచి దానికి దమ్ము రాలేదు. చెరకు ఆడే కాలమంతా రాలేదు. దాని బతుకులో మొదటిసారి అది మేడ మెట్లు పరుగెత్తి ఎక్కింది. టీచరు ట్రైనింగుకు నిజామాబాద్‌లో సీటు వచ్చింది. డాక్టరు మాత్రలు తనే తీసి పారేసింది.

"నీ లెక్క తప్పు గావచ్చు బిడ్డా," అనేవాడు బాపు, చెల్లె తల మీద చెయ్యి వేసి. "ఈ పిల్ల ఊపిరి తప్పు గాదు గద?"

నాకు చెల్లె ఊపిరి మీద కోపం వచ్చేది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది కాని, నిజం అదే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నేను ఆ పెట్టె వైపు పోయేదాన్నే కాదు, ముట్టుకోనని శపథం చేశాను. ఆ వానాకాలం ఒక ఆదివారం మాత్రం బాపు ఎవరికో మందిచ్చి రావడానికి పోతే, నా పుస్తకం ఒకటి వెతుక్కుంటూ పెట్టె ఉండే గదిలోకి పోయాను. పెట్టె మూత తెరిచి ఉంది. గుప్పున కర్పూరం వాసన. సీసాల కింద పరిచిన గుడ్డ ఎత్తి చూస్తే, చిన్న తెల్ల బట్టలో కట్టిన మూట. విప్పితే కర్పూరం బిళ్ళలు.

అవ్వను పిలిచాను. ఆమె మూట చూసి తలుపు దగ్గరగా వేసింది.

"సీమలు వట్టినయ్ బిడ్డా. చక్కెర గోలీలాయె, మన బోధన్ సీమలాయె. సీసా సీసాకు ఎక్కినయ్. మీ బాపు సూసిండంటే ఇల్లు సరిగ వెట్టుకోరాదని నన్నే తిడుతడు. కర్పూరం వెడితే సీమలు రావు."

"కర్పూరం వద్దన్నడు గద బాపు?"

"హారతి ఇయ్యద్దన్నడు. కాల్సద్దన్నడు. పెట్టద్దన్నడా?" అంది. నిజంగానే అంది, వంకర ఏమీ లేకుండా. ఇరవై రోజులకో నెలకో బిళ్ళలు కరిగిపోతే కొత్తవి కట్టి పెట్టేదట. దేవుడికి వెలిగించనియ్యని కర్పూరం అలా ఖర్చయ్యింది. వచ్చేవాళ్ళకు కూడా అనుమానం రాలేదు. దేవుడున్న ఇంట్లో కర్పూరం వాసన వస్తే ఎవరడుగుతారు?

"ఎప్పటి సంది వెడుతున్నవ్?"

"పోయిన బతుకమ్మ పండుగ సంది."

నాకు ఒళ్ళు జలదరించింది. సంతోషంతోనే. బాపు శాస్త్రం ప్రకారమే ఆ పెట్టెలో మందులన్నీ పది నెలల కిందే చచ్చిపోయాయి. సరిగ్గా ఆ పది నెలలే చెల్లెకు దమ్ము రాలేదు. నేను అడిగిన పరీక్ష, బాపు దగా అని ఒప్పుకోని పరీక్ష, అవ్వ చేతుల మీదుగా జరిగిపోయింది. ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నవాళ్ళకూ తెలియదు.

అవ్వకు నా ముఖం చూసి భయమేసింది. నా చెయ్యి పట్టుకుంది. "మీ బాపుకు సెప్పకు. నీ సెల్లె మీద ఒట్టెయ్యి."

వేశాను. చెల్లె మీద ఒట్టు వేశాను. మూట మళ్ళీ గుడ్డ కింద నేనే సర్దాను.

రెండు వారాలు ఆగాను. దయతో కాదు. చెల్లె ట్రైనింగుకు పోయే ముందు ఆదివారం బాపు కచ్చేరీ వాళ్ళను, చాచాను పొద్దున టీకి పిలిచాడు. దమ్ము ఉన్న పిల్ల హాస్టలుకు పోతున్నదని నలుగురికీ చూపించుకోవాలని ఆయన ఆశ. నాకు కూడా నలుగురూ కావాలి.

టీలు అయ్యాయి. బాపు చెల్లెను పక్కన నిలబెట్టుకుని దాని సంగతంతా చెప్పాడు. అందరూ షాబాష్ అన్నారు. అప్పుడు నేను ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి బాపు ఒళ్ళో పెట్టాను.

"బాపూ, కర్పూరం గురించి ఏముందో ఒక్కసారి సదువు, అందరు వింటరు."

పాపం, ఎంత సంతోషపడ్డాడో! పదేళ్ళలో నేను ఆయన పుస్తకం గురించి మంచిగా అడగడం అదే మొదలు. కళ్ళజోడు తుడుచుకుని, కచ్చేరీలో ఒకప్పుడు చదివినట్టు గొంతు సవరించుకుని ఉర్దూలో చదివాడు. చదివి తెలుగులో చెప్పాడు. కర్పూరం సోకిన మందు మందు కాదు.

"అంటే కర్పూరమున్న పెట్టెల గోలీలిస్తే?"

"గవి గోలీలే గావు బిడ్డా. ఉత్త చక్కెర."

"గట్లయితే రోగం తక్కువైతదా?"

"ఎట్లయితది?"

నేను లోపలికి పోయి పెట్టె తెచ్చి అందరి ముందు పెట్టాను. గుడ్డ ఎత్తి మూట తీసి బాపు చేతిలో పెట్టాను. ఎప్పటి నుంచి ఉందో, ఎవరు పెట్టారో అంతా చెప్పాను. అవ్వ గడపలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వైపు చూడలేదు. చూస్తే ఆగుతానేమోనని చూడలేదు.

బాపు మూట విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు గట్టిగా పీల్చాడు. ఆయనకు ఏమీ తెలియలేదు. బిళ్ళను అటూ ఇటూ తిప్పి, చెల్లె వైపు చాపాడు.

"కర్పూరమేనా బిడ్డా?"

చెల్లె వాసన చూడనే లేదు. "కర్పూరమే బాపు. గోలీ యేసుకున్నప్పుడల్ల వాసనొస్తది."

"నీకెరికేనా?" అన్నాను నేను.

"ఎరికే. అవ్వను తిడుతడని చెప్పలే." తర్వాత చిన్నగా నవ్వి అంది, "బాపు మందుకు కర్పూరం ఒక లెక్కా అనుకున్న."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆ మాట విన్నవాళ్ళెవరైనా ఆగేవాళ్ళు. నేను ఆగలేదు.

"లెక్క గాదు. అందుల మందే లేదు. పది నెలలు నువ్వు ఉత్త చక్కెర తిన్నవ్. నిన్ను బాగుచేసింది బాపు గాదు, నీ నమ్మకం. సంతోషపడు, నీకు ఏ మందు అక్కర లేదు."

చెల్లె నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, దాని వెనక మాత్రం ఏమీ లేదు. కచ్చేరీ వాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. ఒకాయన గేటు దాటకముందే నవ్వాడు. బాపు కళ్ళజోడు తీసి పుస్తకం మీద పెట్టి, దాని పక్కన కర్పూరం బిళ్ళ పెట్టి, రెండింటినీ చూస్తూ కూర్చున్నాడు. చాచా అందరికన్నా చివర లేచాడు.

"గెల్సినవ్ బేటీ," అన్నాడు. "ఇగ ఏం జేస్తవ్ గెల్సి?"

బోధన్ చిన్న ఊరు. వారం తిరగకముందే వరండా ఖాళీ అయ్యింది. బజార్లో బాపును చూసి, చీమలకు బాగైందా పంతులూ అని ఎవరో అడిగారట. పుండు మీద కారం చల్లడానికి మనుషులు ఎప్పుడూ తయారుగానే ఉంటారు. ఆ కారం నూరి ఇచ్చింది నేను.

చెల్లె హాస్టలుకు పోయింది. నెల నిండకముందే ఒక పొద్దున హాస్టలు ఆయా మా బడికి పరుగెత్తుకొచ్చింది. పోయేసరికి చెల్లె కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. మళ్ళీ ఆ కూత. ఆసుపత్రిలో సూది వేయించి, వారం చూసి, బోధన్ తీసుకుపోయాను. ట్రైనింగు అక్కడితో సరి.

సైన్సు టీచరును కాబట్టి ఇది కూడా చెప్పాలి. దమ్ము కొన్నాళ్ళు తనంతట తను దాక్కుని మళ్ళీ తనంతట తను వస్తుంది. పది నెలలు రాకపోవడానికి నమ్మకమే కారణమని నేనన్నది కూడా ఊహే. ఏళ్ళ తరబడి ఇంట్లో పొగ ఆపించిన బాపు నియమమే మెల్లగా దాన్ని కాపాడిందేమో. హాస్టలు దుమ్ము పడలేదేమో. ఒక్క పిల్ల మీద పరీక్ష రెండుసార్లు చేయలేం. అవ్వకు ఈ సందేహాలేవీ లేవు. "మందు గాదు, మన్ను గాదు. సెల్లె మీద ఒట్టేసి తప్పినవ్," అంది. ఒక్కసారే అంది. నేను దేవుణ్ణి నమ్మను, ఒట్లు నమ్మను. ఆ మాట మాత్రం ఇప్పటికీ నాలో ఎక్కడో గుచ్చుకునే ఉంది.

బాపు ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు నుంచి కొత్త సీసాలు తెప్పించాడు. కొత్త పెట్టె, కొత్త గుడ్డ. అన్ని నియమాలూ పాటించి మూతలో పోసి ఇచ్చాడు. చెల్లె ఆయన కోసం వేసుకుంది. మునుపు కళ్ళు మూసుకుని వేసుకునేది, ఇప్పుడు బెల్లం ముక్క నోట్లో వేసుకున్నట్టు వేసుకుంది. ఏమీ కాలేదు. నాలుగోసారికి బాపు పెట్టె అటక మీద పెట్టేశాడు. ఇక హారతికి అడ్డమేముంది అని ఒక మంగళవారం అవ్వ కర్పూరం వెలిగించింది. ఆ పొగకే చెల్లె దగ్గుతూ కూలబడింది. అవ్వ మంటను అరచేత్తో ఆర్పింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆ తర్వాత మా ఇంట్లో హారతి లేదు, మందూ లేదు.

ఆ చలికాలం, చెరకు ఆడే రోజుల్లోనే, ఒక ఆదివారం పొద్దున చెల్లెకు గట్టిగా వచ్చింది. కాంపౌండరు వచ్చి సూది వేసి పోయి గంట అయ్యింది. తగ్గలేదు. డాక్టరు ఊళ్ళో లేడు, మధ్యాహ్నం రైలుకు వస్తాడన్నారు. చెల్లె నన్ను దగ్గరికి పిలిచింది. రెండు మాటలకొకసారి ఆగుతూ అంది.

"అక్కా, పెట్టె దించు. నువ్వు ఇయ్యి గోలీ."

"నేనా?"

"నువ్వు అబద్ధం ఆడవు గద. నువ్వు మందని చెప్తే... నమ్ముత."

అటక మీంచి పెట్టె దించాను. ఆ పెట్టెను నా అంతట నేను మందు కోసం తెరవడం అదే మొదటిసారి, అదే చివరిసారి. కర్పూరం లేదు కాబట్టి సగం సీసాల చుట్టూ చీమలు. ఒక మంచి సీసా చూసి, చేత్తో ముట్టుకోకుండా, మూతలో నాలుగు గోలీలు పోశాను. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఇది మందే," అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదక్కా. బాపు... చెప్పినట్టు చెప్పు."

మూత పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను. బాపు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెల్లె కూత ఆయనకు కూడా వినిపిస్తూనే ఉంది.

"బాపూ, నువ్వు వచ్చి చెప్పు. ఒక్కసారి చెప్పు బాపూ, నీ కాళ్ళు మొక్కుత. మందని చెప్పు."

బాపు నా చేతిలోని మూతను చూశాడు. కోపం లేదు, దెప్పడం లేదు. కచ్చేరీలో ఎవరైనా పాత కాగితం చూపించి అర్థం అడిగితే చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"చక్కెర గద బిడ్డా అది. నువ్వే గద చూపిచ్చినవ్."

లోపల చెల్లె నా కోసం ఎదురుచూస్తోంది. రైలు రావడానికి ఇంకా రెండు గంటలుంది.